దద్దుర్లా? ముందు ఫొటో తీయండి!

పడుకునేటప్పుడు బాగానే ఉన్న పాప అర్ధరాత్రి లేచి ఒళ్లంతా గోక్కుంటోంది. లైట్ వేసి చూస్తే వీపు మీద, తొడల మీద ఎర్రటి దద్దుర్లు! అమ్మమ్మేమో గొంగళి తెచ్చి రుద్దమంటుంది. ఆ పని మాత్రం చేయకండి. రాపిడికీ, వేడికీ దద్దుర్లు ఇంకా లేస్తాయి. చల్లటి నీళ్లలో తడిపిన మెత్తటి గుడ్డ వేసి, వదులైన కాటన్ బట్టలు తొడగండి.

'నిన్న వంకాయ కూర పెట్టాం, అందుకే' అని తేల్చేయకండి. పిల్లల్లో చాలాసార్లు జలుబు, జ్వరం తెచ్చే వైరస్‌లే దీనికి కారణం. గుడ్డు, పాలు, వేరుసెనగలు, రొయ్యలు, కొన్ని మందులు, పురుగు కాటు కూడా కావచ్చు. తిండి పడకపోతే సాధారణంగా తిన్న కొన్ని నిమిషాల నుంచి 2 గంటల్లోపే తెలిసిపోతుంది.

ఒక్కో దద్దురు సాధారణంగా 24 గంటల్లోపు మాయమై, ఇంకోచోట లేస్తుంది. తెల్లారి డాక్టర్ దగ్గరికి వెళ్లేసరికి ఒంటి మీద ఏమీ ఉండకపోవచ్చు. అందుకే అప్పుడే ఫోన్‌లో ఫొటోలు తీయండి. అంతకుముందు ఏం తిన్నదీ, ఏ మందు వేసిందీ రాసిపెట్టుకోండి. సిరప్ డోసు మాత్రం సొంతంగా వేయొద్దు, పాప వయసు, బరువు చూసి డాక్టరే చెప్పాలి. 6 వారాలు దాటినా తగ్గకపోతే మళ్లీ చూపించండి.

నాలుక వాచినా, గొంతు బొంగురుపోయినా, ఆయాసం, పిల్లికూతలు వచ్చినా, వాంతులు ఆగకపోయినా, మగతగా వాలిపోయినా ఫొటోలు తీస్తూ కూర్చోవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి. ఆ సమయంలో ప్రాణం నిలిపేది అలర్జీ సిరప్ కాదు, అడ్రినలిన్ ఇంజెక్షన్.