కొలువుకు తొలిమెట్టు

విద్యార్థులారా! వీడియో గేములకు రూపకల్పన చేసే చిత్రకారుని ఎంపికలో పట్టా కన్నా పోర్ట్‌ఫోలియోకే, అనగా స్వీయ చిత్రసంపుటికే ప్రాధాన్యం అధికం. కనుకనే కొందరు దానిని ముప్పై నలభై చిత్రాలతో నింపుతారు. అది పొరపాటని నా అభిప్రాయం. బలహీనమైన ఒక్క చిత్రం తక్కినవాటి విలువను సైతం తగ్గిస్తుంది. పరిపూర్ణమైనవి నాలుగైదు చాలు.

ఆటలోని మండపానికై లేపాక్షి స్తంభమొక్కటి మలచినా, దాని వైర్‌ఫ్రేమ్‌ను, త్రిభుజాల సంఖ్యను, ఉపరితలానికి అద్దిన టెక్స్‌చర్లను పక్కనే చూపాలి. త్రిభుజాలు మితిమీరితే ఆట మందగిస్తుంది. కాబట్టి ఈ కళలో సౌందర్యమెంత ముఖ్యమో పొదుపూ అంతే ముఖ్యం.

పరుల పనిని, కృత్రిమ మేధ గీసిన చిత్రాన్ని తనదిగా చెప్పుకోవడం చౌర్యమే. “ఇది ఎట్లా చేశావు?” అని పరీక్షకుడు అడిగినప్పుడు, చేయి చేసిన పనికే నోరు సమాధానం చెప్పగలదు.