తీరానికి నెమ్మదైన దారి

వంటగది, పడకలతో కదిలే ఇల్లు ఆర్‌వీ. దాన్ని ఇంటర్‌స్టేట్ హైవే మీద లారీల మధ్య పరుగెత్తించి సముద్రం చేరడం డబ్బు దండగని మా అభిప్రాయం. అమెరికా దక్షిణాదిలో అందుకు మంచి ప్రత్యామ్నాయం ఉంది. నాష్‌విల్ దగ్గర మొదలై, అలబామా మూలను తాకుతూ, తీరం దిశగా మిసిసిపీలోని నాచెజ్ దాకా 444 మైళ్లు సాగే నాచెజ్ ట్రేస్ పార్క్‌వే అది. సరకు లారీలకు ప్రవేశం లేదు, హోర్డింగులు లేవు, వేగం గంటకు 50 మైళ్లు మించకూడదు. చోక్టా, చికసా ఆదివాసీ ప్రజలు నడిచిన బాట వెంట వేసిన ఈ రోడ్డు పక్కన, యూరోపియన్ల రాకకు ముందే కట్టిన ఎమరాల్డ్ మట్టిదిబ్బ దాదాపు ఎనిమిది ఎకరాల్లో నిలిచి ఉంది. ఇంటర్‌స్టేట్ చూపించేది పెట్రోలు బంకుల్నే!

సమయం వృథా అంటారు కొందరు. కానీ వెడల్పాటి ముఖమున్న ఆర్‌వీకి వేగం పెరిగేకొద్దీ గాలి ఒత్తిడీ, ఇంధనం ఖర్చూ పెరుగుతాయి. వసంతంలో వెళ్తే టోర్నడోల భయమన్నది మాత్రం తేలిగ్గా తీసిపారేయలేని అభ్యంతరం. ఆర్‌వీ అసలు ఆశ్రయమే కాదు. అయినా వేసవికి వాయిదా వేస్తే ఉక్కపోతా, జూన్ 1న మొదలయ్యే హరికేన్ సీజనూ ఎదురవుతాయి. హెచ్చరికల రేడియో దగ్గరుంచుకుని, రాత్రి మజిలీకి దగ్గర్లోని పక్కా భవనం ముందే చూసుకుని ఏప్రిల్‌లో బయల్దేరడమే మేలు. మరో రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. పార్క్‌వే మీద ఇంధనం దొరకదు. వెనక లాగే కారుతో కలిపి ఆర్‌వీ పొడవు 55 అడుగులు దాటకూడదు.