Simone Biles: భార్యాభర్తలిద్దరూ కోచ్‌లే.. బైల్స్ వెనకున్న ఈ జంట ఎవరు? అప్పటి కరోలీలకు, వీళ్లకు తేడా ఏంటి?

నాలుగంటే నాలుగు సెకన్లు.. ఒక ఒలింపిక్ పతకం చేతులు మారిపోయింది. 2024 ఆగస్టు 5, ప్యారిస్. మహిళల ఫ్లోర్ ఎక్సర్‌సైజ్ ఫైనల్లో అందరికన్నా చివరగా దిగిన అమెరికా అమ్మాయి జోర్డాన్ చైల్స్‌కు 13.666 పాయింట్లు పడ్డాయి. అంటే ఐదో స్థానం. వెంటనే కోచ్ సెసిల్ లాండీ జడ్జిల దగ్గరికి వెళ్లి స్కోరుపై అభ్యంతరం చెప్పారు. జడ్జిలు 0.1 కలిపారు. 13.766తో చైల్స్‌కు కాంస్యం దక్కింది. ఐదు రోజులు తిరక్కుండానే సీన్ రివర్స్! చివరి జిమ్నాస్ట్ విషయంలో అభ్యంతరం చెప్పడానికి నిమిషమే గడువు, సెసిల్ 1 నిమిషం 4 సెకన్లకు చెప్పారంటూ క్రీడా మధ్యవర్తిత్వ కోర్టు ఆ మార్పును కొట్టేసింది. పతకం రొమేనియా అమ్మాయి ఆనా బార్బోసుకు వెళ్లింది. కోచ్ 47 సెకన్లకే చెప్పారని, వీడియో కూడా ఉందని అమెరికా జిమ్నాస్టిక్స్ సంఘం వాదించింది. చైల్స్ స్విట్జర్లాండ్ సుప్రీంకోర్టు దాకా వెళ్లారు.

ఆ గొడవతో సెసిల్ పేరు ప్రపంచమంతా తెలిసింది. కానీ ఆమె ఒక్కరే కాదు. పక్కనే భర్త లారెంట్ లాండీ కూడా ఉంటారు. సిమోన్ బైల్స్‌కు 2017 నుంచి ప్యారిస్ వరకు కోచింగ్ ఇచ్చింది ఈ ఇద్దరే.

ఇద్దరిదీ ఫ్రాన్స్. ఇద్దరూ మాజీ జిమ్నాస్ట్‌లే. సెసిల్ 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్ తరఫున ఆడారు. ఆ తర్వాత అమెరికా వెళ్లి స్థిరపడ్డారు. 2016 రియోలో అన్‌ఈవెన్ బార్స్ రజతం గెలిచిన మాడిసన్ కోషన్ వీళ్ల శిష్యురాలే. మరుసటి ఏడాది టెక్సస్‌లోని వరల్డ్ చాంపియన్స్ సెంటర్‌కు మారారు. ప్యారిస్‌లో అమెరికా మహిళల జట్టుకు సెసిల్ హెడ్ కోచ్. తమాషా ఏంటంటే, అదే ప్యారిస్‌లో వీళ్ల అమ్మాయి జూలియెట్ డైవింగ్‌లో ఫ్రాన్స్ తరఫున పోటీపడింది. అమ్మానాన్నలు ఒక దేశం వైపు, కూతురు ఇంకో దేశం వైపు!

సరే, భార్యాభర్తలు కలిసి పనిచేస్తే ఇబ్బందేంటి? చాలా ఉద్యోగాల్లో అది మామూలు విషయమే. జిమ్నాస్టిక్స్‌లో మాత్రం కాదు. ఆరేడేళ్ల వయసులో పిల్ల జిమ్‌లో అడుగుపెడుతుంది. రోజులో ఎక్కువ సేపు అక్కడే. ఏం తినాలి, నొప్పి ఉంటే ఆడాలా వద్దా.. అన్నీ కోచ్ చెప్పిందే. ఒక కోచ్‌తో సమస్య వస్తే ఇంకో కోచ్‌కు చెప్పుకోవచ్చు. ఆ ఇంకో కోచ్ మొదటాయన భార్యే అయితే? పిల్ల ఎవరికి చెప్పుకోవాలి?

ఈ ప్రశ్న ఊరికే రాలేదు. బేలా, మార్తా కరోలీ అనే మరో జంట కథ వల్ల వచ్చింది. 1976 మాంట్రియల్‌లో నాదియా కొమనేచి 'పర్ఫెక్ట్ 10' కొట్టి చరిత్ర సృష్టించింది వీళ్ల శిక్షణలోనే. 1981లో రొమేనియా వదిలి అమెరికాకు వచ్చేశారు. 1984లో మేరీ లూ రెటన్ స్వర్ణం. 1996లో కెర్రీ స్ట్రగ్ మొదటి వాల్ట్‌లోనే చీలమండకు దెబ్బ తగిలినా రెండో వాల్ట్ చేసింది. తర్వాత బేలా ఆమెను ఎత్తుకుని పతకాల దగ్గరికి తీసుకెళ్లిన ఫొటో అప్పట్లో అన్ని పేపర్లలో వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఇప్పుడు అదే ఫొటో చూస్తే చాలామందికి కోపం వస్తోంది. నొప్పితో ఉన్న 18 ఏళ్ల అమ్మాయితో ఇంకో వాల్ట్ చేయించడం అవసరమా అని.

టెక్సస్‌లో కరోలీల సొంత ర్యాంచ్‌లోనే జాతీయ జట్టు క్యాంపులు జరిగేవి. 2001 నుంచి 2016 వరకు జట్టు బాధ్యత మార్తాదే. జట్టు డాక్టర్ లారీ నాసర్ లైంగిక వేధింపులకు పాల్పడిన చోట్లలో ఆ ర్యాంచ్ కూడా ఒకటని బాధితులు కోర్టులోనే చెప్పారు. తమకేం తెలియదన్నది కరోలీల మాట. 2018 జనవరిలో అక్కడ క్యాంపులు ఆగిపోయాయి. బేలా 2024 నవంబరులో 82 ఏళ్ల వయసులో చనిపోయారు.

ఇక లాండీల దగ్గరికి వస్తే.. 2021 టోక్యో. టీమ్ ఫైనల్లో గాల్లో ఉండగానే తన శరీరం ఎటు తిరుగుతోందో బైల్స్‌కు అంతుపట్టలేదు. ఒక్క వాల్ట్ చేసి తప్పుకున్నారు. అమెరికాకు స్వర్ణం పోయి రజతం వచ్చింది. లాండీలు ఆమెను మళ్లీ దిగమని ఒత్తిడి చేయలేదు. వారం తర్వాత బీమ్‌పై కాంస్యం తెచ్చుకున్నారు. స్ట్రగ్ విషయంలో జరిగింది, ఇక్కడ జరిగింది పక్కపక్కన పెట్టి చూస్తే పాతికేళ్లలో ఏం మారిందో ఇట్టే తెలిసిపోతుంది.

2023లో ఇంకోటి. యుర్చెంకో డబుల్ పైక్ అనే ప్రమాదకరమైన వాల్ట్ చేస్తుంటే లారెంట్ మ్యాట్ మీదే నిలబడ్డారు. తేడా వస్తే పట్టుకోవడానికి. కోచ్ అలా నిలబడితే రూల్ ప్రకారం 0.5 పాయింట్లు కోత. అయినా సరే అన్నారు. ఫ్లోర్ ఫైనల్లో 0.1తో పతకమే మారిపోయిన ఆటలో అర పాయింటు అంటే చిన్న విషయం కాదు.

మరి ఇదంతా లాండీల మంచితనమేనా? పూర్తిగా అలా అనలేం. వాళ్లు పనిచేసిన జిమ్ బైల్స్ తల్లిదండ్రులది. అక్కడ కోచ్‌లే ఉద్యోగులు. పైగా బైల్స్ అప్పటికే 20 ఏళ్లు దాటిన చాంపియన్. కరోలీల దగ్గర జిమ్ వాళ్లదే, ర్యాంచ్ వాళ్లదే, ఎదురుగా ఉన్నవాళ్లు టీనేజ్ పిల్లలు. అసలు తేడా అక్కడే ఉంది.

మన దేశంలోనూ ఇలాంటి జంట ఉంది. త్రిపురలో దీపా కర్మాకర్‌కు మొదటి పాఠాలు నేర్పింది సోమా నంది. తర్వాత ఆమె భర్త విశ్వేశ్వర్ నంది చేతుల్లోకి వెళ్లింది దీపా. సరైన పరికరాల్లేక పాత స్కూటర్ విడిభాగాలతో వాల్ట్ ప్రాక్టీస్ చేయించిన రోజులవి. 2016 రియోలో ప్రొదునోవా వాల్ట్‌తో 15.066 తెచ్చుకుని 0.15 తేడాతో కాంస్యం మిస్సయింది. 2024 అక్టోబరులో రిటైరయ్యేదాకా నంది సారే కోచ్. మన హైదరాబాద్ అమ్మాయి బుద్ధా అరుణా రెడ్డి 2018లో మెల్‌బోర్న్ ప్రపంచకప్‌లో కాంస్యం గెలిచింది కూడా ఇదే వాల్ట్ విభాగంలో.

ఇక సెసిల్ విషయానికొస్తే, ప్యారిస్ మొదలవ్వకముందే యూనివర్సిటీ ఆఫ్ జార్జియా ఆమెను కో-హెడ్ కోచ్‌గా ప్రకటించేసింది. అక్కడ ఆమెతో పాటు ఆ బాధ్యత పంచుకున్నది భర్త కాదు, ర్యాన్ రాబర్ట్స్ అనే మరో కోచ్.