అమ్మమ్మ ఫెయిల్, తాతయ్య పాస్

సంక్రాంతి సెలవుల్లో ఇంట్లో ఒక పరీక్ష పెట్టాను. హ్యాకథాన్ కోసం చేసిన యాప్ అది. 1975లో అమెరికాలో వచ్చిన మినీ మెంటల్ స్టేట్ ఎగ్జామినేషన్ చూసి, అలాంటి ప్రశ్నల్నే ఆన్‌లైన్ ట్రాన్స్‌లేటర్‌లో వేసి తెలుగు చేసేశాను. మొత్తం 30 మార్కులు.

అమ్మమ్మ బడికి వెళ్ళలేదు. తేదీ అడిగితే తిథి చెప్పింది. వందలోంచి ఏడేసి తీసేస్తూ పో అంటే "ఎందుకురా తియ్యడం?" అంది. బొమ్మ గియ్యమంటే పెన్ను పట్టడమే రాదు. 14 మార్కులు. ఎవరు ఎన్ని పాల డబ్బులు బాకీయో పుస్తకం లేకుండా చెప్పే మనిషికి నా యాప్ ఎర్ర రంగు చూపించింది.

తాతయ్య రిటైరైన లెక్కల మాస్టారు. 28. ఆకుపచ్చ. కానీ సాయంత్రంలోపు "సెమిస్టర్ పరీక్షలెప్పుడురా?" అని నన్ను నాలుగుసార్లు అడిగాడు. ఆ పోయిన రెండు మార్కులు ఎక్కడివా అని రాత్రి చూశాను. కాసేపాగి మళ్ళీ చెప్పమన్న మూడు మాటల్లో రెండు గుర్తులేవు. అల్జీమర్స్ మొదట్లోనే దెబ్బతినే చోట్లలో హిప్పోకాంపస్ ఒకటి. కొత్తవి నిలవవు, పాత లెక్కలు మాత్రం ఉంటాయి. నా కోడ్ టోటల్ ఒక్కటే చూసింది.

ఇలాంటి టెస్టులు వద్దని కాదు నేననేది. భాష మారిస్తే టెస్టు మారిపోదు అంటున్నా. ఇంగ్లీషులో ఒక మాటని తిరగేసి స్పెల్లింగ్ చెప్పమంటారు. 'ప్రపంచం'ని ఎలా తిరగేస్తాం? పైథాన్‌లో తిరగేసి చూడండి, వత్తులు గుణింతాలు ఎక్కడెక్కడో తేలతాయి! మోకా అనే ఇంకో టెస్టులో 12 ఏళ్ళు, అంతకన్నా తక్కువ చదివినవాళ్ళకి ఒక మార్కు కలుపుతారు. అసలు బడే చూడని అమ్మమ్మకి ఆ గ్రేస్ మార్కు ఏ మూలకి?

దీని మీద మన దేశంలో పని జరిగింది. హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల్లో చదువు రానివాళ్ళకి సరిపోయేలా హిందీ టెస్టు తయారుచేశారు. ఐసీఎంఆర్ ఐదు భారతీయ భాషల్లో చేసిన టెస్టుల్లో తెలుగూ ఉంది. అవేవీ వెతక్కుండా నేను యాప్ చేసేశాను, అదీ నా తప్పు.

మార్కులు తగ్గితే అల్జీమర్సే అని కూడా కాదు. బీ12 తక్కువైనా, థైరాయిడ్ తేడా చేసినా, డిప్రెషన్ ఉన్నా మతిమరుపు వస్తుంది. "వయసైంది, చాదస్తం" అని వదిలేస్తే అదీ తెలీదు, ఇదీ తెలీదు.

అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు, "మా నాన్నకి పరీక్షలు పెడతావా" అని. చివరికి మావయ్య న్యూరాలజిస్టు దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకున్నాడు. అమ్మమ్మ కూడా వెళ్తానంటోంది. "ఆయన రోజంతా ఏం మర్చిపోతున్నారో డాక్టరుకి నేను కాక ఎవరు చెప్తారు?" అంది.