కాన్సరు రోగులు – నర్సుల శిక్షణము

కాన్సరు చికిత్స పెద్ద యాసుపత్రితో ముగియదు. 2022లో తిరుపతియందు కాన్సరు వైద్యాలయము వెలసినది. 2023లో కడపయందు ప్రత్యేక విభాగ మేర్పడినది. సంతోషమే. కాని మందెక్కించుటకై బాహువునందలి సిరలో దూర్చి హృదయసమీపము వఱకు నడపిన పిక్ గొట్టము రోగితోడనే ప్రొద్దుటూరునకో, జమ్మలమడుగునకో, పులివెందులకో వచ్చును. వారములు, నొక్కొకప్పుడు నెలలు, నది యతని యొంటనే యుండును. అచ్చట దానిని గాపాడువా రెవరు?

చేయవలసిన పని చిన్నదే. తప్పినచో గలుగు హాని పెద్దది. సెలైనుతో గడుగుట మఱచినచో గొట్టము పూడుకొనును. చిన్న సిరంజితో బలముగ నెట్టినచో పగులును. చేతుల శుభ్రత తప్పినను, గొట్టపు మూతిని స్పిరిటుతో రుద్దకున్నను, తడిసిన పైకట్టును మార్చకున్నను, సూక్ష్మజీవులు తిన్నగా రక్తమున జొచ్చును. మందులచే రోగనిరోధకశక్తి యుడిగినవాని కది ప్రాణాంతకము.

ఈ విద్యకై మన నర్సులు విధులు మాని దూరదేశములకు బోనక్కఱలేదు. ఇంటర్నెట్టు మూలమున నేర్పవచ్చును. అయితే తెఱపై చూచినంతమాత్రమున చేయి తిరుగదు. కావున పాఠములు తెలుగున నుండవలెను, పనివేళలలోనే జరుగవలెను, పిమ్మట కడపలో కృత్రిమబాహువుపై నభ్యాసము చేయించి పరీక్షింపవలెను. అర్ధరాత్రి సందేహము గలిగిన నర్సునకు టెలిఫోనులో బదులు చెప్పువా రొకరుండవలెను.

ప్రభుత్వ మీ యేర్పాటు నాలసింపక చేయవలెను. నిపుణు డమర్చిన గొట్టమును నిలుపుకొన లేకున్న నా నైపుణ్యము రోగి కేమి మేలు?