పుల్లటి ద్రాక్షకూ ఒక రోజు రావాలి

అందని ద్రాక్ష పుల్లన అని మన సామెత. చిక్కబళ్లాపురం, దొడ్డబళ్లాపురం, దేవనహళ్లి తోటల్లో మాత్రం అందే ద్రాక్షే పుల్లన. అదే బెంగళూరు బ్లూ. గింజ ఉంటుంది, పులుపు ఉంటుంది, బుట్ట దించితే వీధంతా వాసన వస్తుంది. ఈ తోటలు చేసేవాళ్లలో ఇంట్లో తెలుగు మాట్లాడే రైతులకు కొదవ లేదు. 2013లో ఈ పండుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. కానీ కాగితం ఒక్కటే రైతు జేబు నింపదు కదా!

పండుగా, రసంగా, తియ్యటి చవక వైన్‌గా పోతున్న ఈ ద్రాక్షతో బుడగల వైన్, అంటే స్పార్క్లింగ్ వైన్, చేసి చూడాలన్నది నా అభిప్రాయం. తాగడం మంచిదా చెడ్డదా అన్నది వేరే వాదన. ఇక్కడ మాట్లాడేది పంట గురించి.

ఈ వైన్ ఎట్లా చేస్తారు? మామూలు వైన్‌ను సీసాలో పోసి, కాస్త పంచదార, ఈస్టు వేసి మూత బిగిస్తారు. లోపల రెండోసారి పులిసి, బయటికి పోలేని వాయువు వైన్‌లోనే కరుగుతుంది. షాంపేన్ పద్ధతి ఇదే. ఫ్రాన్స్‌లోని షాంపేన్ ప్రాంతంలో పండించి, అక్కడే చేసినదానికే ఆ పేరు. అక్కడి ముఖ్య రకాలు షార్డొనే, పినో న్వార్, మునియే. ఇటలీవాళ్లు ప్రొసెక్కోను గ్లెరా ద్రాక్షతో, చాలావరకు పెద్ద ట్యాంకుల్లో చేస్తారు. ఖర్చు తగ్గుతుంది. స్పెయిన్‌వాళ్ల కావాకు మకబెయో, షరెల్లో, పరెయాద. ఎవరి నేల పండును వాళ్లు నమ్ముకున్నారు.

బాగా మాగిన పండు దీనికి పనికిరాదు. పులుపు తగ్గకముందే కోయాలి. నాసిక్‌లో షెనిన్ బ్లాంక్‌ను ఇందుకే ముందుగా కోస్తారు. మరి పులుపు మన పండుకు పుట్టుకతోనే ఉంది.

అభ్యంతరం లేకపోలేదు. బెంగళూరు బ్లూ అమెరికా జాతి ఇసబెల్లాయే. దాని ఘాటు వాసన ఐరోపావాళ్లకు నచ్చదు. ఈ రకంతో చేసిన వైన్‌ను అక్కడి చట్టాలు సాధారణంగా అమ్మనివ్వవు. కాబట్టి ఐరోపా ఎగుమతి ఆశ పెట్టుకోకూడదు. అయితే 1840లలో అమెరికాలోని సిన్సినాటిలో నికొలస్ లాంగ్‌వర్త్ కటాబా ద్రాక్షతో బుడగల వైన్ చేసి పేరు తెచ్చుకున్నాడు. కటాబాలోనూ ఉన్నది ఈ అమెరికా జాతి రక్తమే.

ఇక తిండి సంగతి. ఈ వైన్ పక్కన చీజ్, ఆల్చిప్పలే ఉండాలని పుస్తకాలు చెబుతాయి. అసలు సూత్రం చాలా తేలిక. పులుపు, బుడగలు కలిసి నూనె జిడ్డును కడిగేస్తాయి. అంటే మసాలా వడ, వేయించిన చేప దీనికి సరిజోడు. మిరపకాయ బజ్జీ లాంటి కారానికి మాత్రం బ్రూట్ రకం సరిపడదు. అందులో చక్కెర లీటరుకు 12 గ్రాముల లోపే, నోటి మంట ఇంకా రేగుతుంది. కాస్త తీపి ఉన్నదైతే మంట అణుగుతుంది. ఓళిగల పక్కన బ్రూట్ పెడితే వైన్ వట్టి పులుపనిపిస్తుంది. అక్కడ 32 నుంచి 50 గ్రాముల చక్కెర ఉండే డెమి సెక్ మేలు. మన మసాలా ముందు సన్నటి వాసనల వైన్ తేలిపోతుంది. బెంగళూరు బ్లూ ఘాటు అక్కడే నిలబడుతుందని నా నమ్మకం.

కర్ణాటక 2007లోనే వైన్ విధానం తెచ్చింది, బోర్డు పెట్టింది. ఆ బోర్డే ముందుకొచ్చి ట్యాంకు పద్ధతిలో చిన్న ఎత్తున ప్రయోగం చేయాలి. పండు కోయకముందే ధర రాసివ్వాలి. రైతు సంఘానికి అందులో వాటా ఉండాలి. రైతులకూ ఒక మాట. ఉన్న తోట పీకి విదేశీ రకం నాటమంటే తొందరపడకండి. కొనేవాడెవరో, ఎంతకో తేలాకే పార పట్టండి.