తలుపు కొట్టే తోటివాడు: విద్యార్థుల మానసిక ఆరోగ్యంలో మన వంతు

ప్రిలిమ్స్ ఫలితం వచ్చిన సాయంత్రం ఓల్డ్ రాజేంద్ర నగర్‌లో ఉన్నవారికి ఈ దృశ్యం తెలుసు. పీడీఎఫ్‌లో నంబరు దొరికినవాళ్లు మెట్లు దిగి టీ కొట్టు దగ్గర చేరతారు. దొరకనివాళ్లు గది తలుపు వేసుకుంటారు. మా పీజీలో పక్క గదిలో ఉండే కర్నూలు అబ్బాయి కూడా ఒక ఏడాది అలాగే తలుపు వేసుకున్నాడు. మధ్యాహ్నం వచ్చిన టిఫిన్ డబ్బా సాయంత్రం దాకా గుమ్మం ముందే ఉండేది. నేను చూశాను. చూసి, "ఈసారి గట్టిగా కూర్చున్నాడు" అనుకున్నాను. ఒకరోజు తలుపు కొట్టి, "కీ చూసుకున్నావా? ఎన్ని వస్తున్నాయి రా?" అని అడిగి వచ్చేశాను.

మూడు వారాల తర్వాత అతను ఊరెళ్లిపోయాడు. కొన్ని నెలలకు ఫోన్‌లో అన్నాడు: "ఆ మూడు వారాల్లో నా తలుపు కొట్టింది నువ్వొక్కడివే రా. నువ్వూ మార్కులే అడిగావు."

అతను ఇప్పుడు బాగున్నాడు. ఆ మాట మాత్రం నన్ను వదల్లేదు. తోటి విద్యార్థుల తోడ్పాటు అనే అంశం జీఎస్-2లో ఆరోగ్యం, విద్య కిందికి వస్తుంది. జీఎస్-4లో సహానుభూతి కిందికి, ఎస్సేలో యువత కిందికి వస్తుంది. దాన్ని ఈసారి నోట్స్ కోసమే కాకుండా, మన కోసం కూడా చదువుదాం.

సమస్య ఎంత పెద్దది?

జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్యతో మరణించారు. మొత్తం ఆత్మహత్యల్లో ఇది 7.6 శాతం. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే మరో విషయం చెప్పింది. సమస్య రకాన్ని బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్సే అందడం లేదు.

న్యాయస్థానాలు కూడా కదిలాయి. 2023లో ఐఐటీ ఢిల్లీలో ఇద్దరు విద్యార్థులు మరణించారు. కుల వివక్ష జరిగిందని తల్లిదండ్రులు ఆరోపించారు. ఆ కేసులో 2025 మార్చి 24న సుప్రీంకోర్టు ఎఫ్‌ఐఆర్ నమోదు చేయమంది. ఉన్నత విద్యాసంస్థల్లో విద్యార్థుల మానసిక ఆరోగ్యంపై విశ్రాంత న్యాయమూర్తి జస్టిస్ ఎస్. రవీంద్ర భట్ అధ్యక్షతన జాతీయ కార్యదళాన్ని వేసింది. అదే ఏడాది జూలై 25న, విశాఖపట్నంలో నీట్‌కు చదువుతున్న ఒక విద్యార్థిని మరణం కేసులో, దేశమంతటికీ వర్తించే మార్గదర్శకాలిచ్చింది. మానసిక ఆరోగ్యం 21వ అధికరణలోని జీవించే హక్కులో భాగమని అందులో స్పష్టం చేసింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్ ఉండాలి. అంతకన్నా చిన్న సంస్థలు బయటి నిపుణులతో అనుసంధానం పెట్టుకోవాలి. ఈ ఆదేశాలు కోచింగ్ సెంటర్లకూ, హాస్టళ్లకూ వర్తిస్తాయి. అంటే కరోల్ బాగ్, ముఖర్జీ నగర్ కూడా వీటి పరిధిలోవే.

తోటివారే ఎందుకు?

కౌన్సెలర్ తన గదికి వచ్చినవాళ్లను మాత్రమే చూడగలరు. డబ్బా గుమ్మం ముందు అలాగే ఉందని తెలిసేది పక్క గదివాడికే. నిద్ర లేకపోవడం, స్నానం మానేయడం, ఫోన్ ఎత్తకపోవడం, ఇష్టమైన పుస్తకాలు పంచిపెట్టేయడం లాంటివి ముందుగా తోటివారి కంటే పడతాయి.

రెండో కారణం భాష. ఢిల్లీలో చదివే తెలుగువాళ్లకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. ఇంగ్లీషులో "అయామ్ ఫైన్" అని తేలిగ్గా దాటవేస్తాం. "ఏం బాలేదు అన్నా, మనసంతా ఖాళీగా ఉంది" అని తెలుగులో మాత్రమే అనగలం. ఆదివారం ఆంధ్రా భవన్ క్యాంటీన్ వరుసలో నిలబడి మాట్లాడుకున్నంత సులువుగా ఒక అపరిచిత కౌన్సెలర్ దగ్గర మాట్లాడలేం.

ఇది కొత్త ఆలోచన కూడా కాదు. ఇంగ్లాండ్‌లోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో 1970లో నైట్‌లైన్ మొదలైంది. రాత్రివేళ విద్యార్థులే విద్యార్థుల ఫోన్లు ఎత్తి వినే సేవ అది. జింబాబ్వేలో మానసిక వైద్యుడు డిక్సన్ చిబాండా 2006లో 'ఫ్రెండ్‌షిప్ బెంచ్' ప్రారంభించారు. బామ్మలకు శిక్షణ ఇచ్చి, ఆరోగ్య కేంద్రాల ఆవరణలో బల్లల మీద కూర్చోబెట్టి, వచ్చినవారి సమస్యలు వినిపించారు. 2016లో వెలువడిన శాస్త్రీయ పరీక్షలో ఆ పద్ధతి వల్ల కుంగుబాటు లక్షణాలు గణనీయంగా తగ్గినట్లు తేలింది. మన దేశంలో ఐఐటీ ఢిల్లీ విద్యార్థి సంక్షేమ బోర్డు కొత్తవారికి సీనియర్లను మెంటర్లుగా ఇస్తోంది. ఐఐటీ హైదరాబాద్‌లో 'సన్‌షైన్' కౌన్సెలింగ్ విభాగంతో కలిసి విద్యార్థి మెంటర్లు పనిచేస్తున్నారు.

కానీ, ఇక్కడే జాగ్రత్త

ఎస్సేలో ఇంతవరకే రాసి వదిలేస్తే అది సగం సమాధానమే. నాకు కనిపించిన అభ్యంతరాలు నాలుగు.

మొదటిది, ఖర్చు తప్పించుకునే మార్గంగా వాడటం. కౌన్సెలర్‌కు జీతం ఇవ్వాలి, విద్యార్థికి సర్టిఫికెట్ ఇస్తే చాలు. ఈ లెక్కతో పెట్టిన పథకం ప్రమాదకరం. జింబాబ్వే బామ్మలు ఒంటరిగా లేరు. వారికి శిక్షణ ఉంది, పైన పర్యవేక్షణ ఉంది, పరిస్థితి చేయి దాటితే పంపడానికి వైద్యులున్నారు. ఆ మూడూ తీసేస్తే మిగిలేది ఖాళీ బల్లే.

రెండోది, గోప్యత. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 23వ సెక్షన్ రోగి వివరాలను కాపాడే బాధ్యతను వైద్య సిబ్బందిపై పెట్టింది. హాస్టల్ మిత్రుడిపై అలాంటి బాధ్యత లేదు. రాత్రి చెప్పిన మాట పొద్దున మెస్‌లో వినిపిస్తే, ఆ విద్యార్థి ఇంకెవరికీ నోరు విప్పడు.

మూడోది, చేదైనది. కొన్నిసార్లు గాయం చేసేదే తోటివారు. మొదటి రోజే "నీ ర్యాంక్ ఎంత?" అని అడిగేది చాలాసార్లు కేటగిరీ తెలుసుకోవడానికే. 2016 జనవరిలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రోహిత్ వేముల మరణం తర్వాత క్యాంపస్‌లో వివక్ష గురించి దేశమంతా మాట్లాడింది. వివక్షపై ఫిర్యాదు వినే వ్యవస్థ లేకుండా తోటివారి తోడ్పాటు గురించి మాట్లాడటం, మంట ఆర్పకుండా మందు రాసినట్టు.

నాలుగోది, వినేవాడి బరువు. ఇరవై ఏళ్ల కుర్రాడు మరొకరి చావు ఆలోచనను గుండెలో మోస్తూ రేపటి పరీక్ష రాయాలి. అతన్ని వినేవారు ఎవరు?

నా అభిప్రాయం

తోటివాడి పని వైద్యం కాదు. గమనించడం, వినడం, సరైన చోటికి చేర్చడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో ఇచ్చిన మానసిక ప్రథమ చికిత్స మార్గదర్శిని కూడా ఈ మూడు అడుగులే చెబుతుంది. విశ్వవిద్యాలయాలు చేయాల్సినవి ఇవి: ఎంపికైన విద్యార్థులకు నిజమైన శిక్షణ, వారంవారం కౌన్సెలర్‌తో సమావేశం, గోప్యతపై రాతపూర్వక నియమం, ప్రాణాపాయం ఉన్నప్పుడు మాత్రం దానికి మినహాయింపు. మెంటర్ల జట్టులో తెలుగు, తమిళం, మణిపురి లాంటి భాషలవాళ్లు, అన్ని సామాజిక వర్గాలవాళ్లు ఉండాలి. వీటన్నిటికన్నా ముందు, అవతలి ఒడ్డున జీతం తీసుకునే కౌన్సెలర్ ఉండాలి. లేకపోతే తోటివాడు ఎక్కడికి చేరుస్తాడు?

మరి మన సంగతి?

మనలో చాలామందికి ఇప్పుడు క్యాంపస్ లేదు, హాస్టల్ వార్డెన్ లేడు. 2024 సివిల్స్ ప్రిలిమ్స్‌కు 5,83,213 మంది హాజరైతే చివరికి ఎంపికైనవారు 1,009. మిగిలినవాళ్లలో చాలామంది మనలాగే అద్దె గదుల్లో ఉన్నారు. కోర్టు ఆదేశాలు మన వీధి దాకా వచ్చేలోపు మనం చేయగలిగినవి కొన్ని ఉన్నాయి.

స్టడీ గ్రూపులో ఒకరికొకరు బాధ్యత పంచుకోండి. రెండు రోజులు కనిపించకపోతే వెళ్లి తలుపు కొట్టాలి. ఫలితం వచ్చిన వారంలో మార్కుల మాట ఎత్తకండి. "మా మామయ్య కొడుకు నాలుగో అటెంప్ట్‌లో కొట్టాడు" లాంటి ఓదార్పు అసలే వద్దు, వినండి చాలు. అనుమానం వస్తే "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని నేరుగా, నెమ్మదిగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్నది అపోహ. అవునంటే ఒంటరిగా వదలకండి, ఇంట్లోవాళ్లకు చెప్పండి, ఆసుపత్రికి తీసుకెళ్లండి. పోలీసు కేసు అవుతుందేమోనన్న భయంతో ఆగొద్దు. ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్లే భావించాలని 2017 చట్టం 115వ సెక్షన్ చెబుతోంది. 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ నంబరు 14416. ఉచితం, రోజంతా పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడవచ్చు. ఇప్పుడే ఫోన్‌లో సేవ్ చేసుకోండి. మీకే అవసరమైతే, ఈ పేజీ మూసేలోపే చేయండి.

మొన్న ఫలితాల తర్వాత మా అంతస్తులో మరో డబ్బా గుమ్మం ముందు కనిపించింది. తలుపు కొట్టాను. ఈసారి "తిన్నావా?" అని మాత్రమే అడిగాను. చాలాసేపు జవాబు రాలేదు. తర్వాత గడియ తీసిన చప్పుడైంది. ఇద్దరం ఆ చల్లారిన అన్నమే తిన్నాం.